ముద్ర లేని తూకం

ఇరవై అయిదేళ్ల పాటు మా ఇంట్లో సాయంత్రమయ్యేసరికి రెండు వెలుగులు చూసుకునేవాళ్లం. ఒకటి దేవుడి దగ్గర ప్రమిద. రెండోది వంటింటి గుమ్మం పక్కన గోడకు తగిలించిన అరచేతి వెడల్పు గాజుపలక. ప్రమిద నేను వెలిగించేవాణ్ణి. పలక తనంతట తానే వెలిగేది. పచ్చగా వెలిగితే నా భార్య చూడామణి ఆ రోజు బాగున్నట్టు. పసుపు అయితే జాగ్రత్తగా ఉండాలి. ఎరుపు అయితే విశాఖపట్నంలో ఉన్న ప్రయోగశాలకు ఫోను చెయ్యాలి. ఇన్నేళ్లలో ఎరుపు రెండే రెండుసార్లు చూశాను. పచ్చ చూసిన ప్రతిసారీ దండం పెట్టుకున్నాను. ఆ దండాల్లో ఎన్ని దేవుడికి వెళ్లాయో, ఎన్ని ఆ పలకకి వెళ్లాయో ఇప్పుడు చెప్పలేను.

నా పేరు కూర్మారావు. శ్రీకాకుళం బజారులో కాటాలు, తక్కెడలు, తూకపు రాళ్లు బాగుచేస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. అందుకని ఇక్కడ రాసేదాంట్లో వైద్యం తక్కువ, మేము పడినది ఎక్కువ ఉంటుంది.

చూడామణికి బైపోలార్ జబ్బు ముప్ఫై దాటాక బయటపడింది. ఒక వేసవిలో పద్దెనిమిది రోజులు కన్ను మూయలేదు. దుకాణంలో సిద్ధం చేసి పెట్టిన పదకొండు తక్కెడలు తీసుకెళ్లి చేపల బజారులో ఆడవాళ్లకు పంచిపెట్టేసింది. తాను అరసవిల్లి సూర్యదేవుడి చెల్లెలినని చెప్పుకుంది. ఆ రోజుల్లో ఆమె ముఖం చూస్తే కాదనడానికి నోరు వచ్చేది కాదు. వానలు మొదలయ్యేసరికి గోడవైపు తిరిగి పడుకుంది. దీపావళికి కూడా లేవలేదు. మా అమ్మాయి విశాలకి అప్పుడు ఎనిమిదేళ్లు. తల్లికి ముద్దలు కలిపి పెట్టడం ఆ ఏడే నేర్చుకుంది. తర్వాత తొమ్మిదేళ్లు అదే వరస. మాత్రలు పనిచేసినన్నాళ్లు చేసేవి, లేకపోతే లేదు.

చూడామణికి నలభై ఒకటి వచ్చినప్పుడు విశాఖపట్నం ప్రయోగశాలవాళ్ల 'నిలకడ' పథకం సంగతి తెలిసింది. చింతగింజంత గుళిక. మెడ ఎముక కింద చర్మంలో పెడతారు. పెట్టేముందు ఆమె బాగున్న కాలం చూసి, తొంభై రోజులు ఒక పట్టీ కట్టి కొలిచారు. ఎంత వేగంగా నడుస్తుంది, గొంతు ఎంత ఎత్తులో ఉంటుంది, ఎన్ని గంటలు నిద్రపోతుంది, కూరలమ్మితో బేరమాడేటప్పుడు ఎంత విసుక్కుంటుంది, అన్నీ. ఆ తొంభై రోజుల కొలతకి వాళ్లు 'పునాది' అని పేరు పెట్టారు. అక్కణ్ణించి ప్రతిరోజూ గుళిక ఆమెను ఆ పునాదితో పోల్చి చూసుకుని, ఫలితాన్ని గోడమీది పలకలో రంగుగా చూపిస్తుంది. మనిషి ఉద్రేకంతో పైకి లేస్తున్నట్టు కనిపిస్తే ఆ వేగం తగ్గించే లిథియం మందు ఎక్కువ వదులుతుంది. కుంగుతున్నట్టు కనిపిస్తే లేపే మందు వదులుతుంది. నాలుగు నెలలకోసారి వెళ్లి సూదితో మందు నింపించుకుంటే చాలు.

అది పనిచేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇరవై ఏళ్లకు పైగా మేము అందరిలా బతికాం. విశాల పెళ్లిలో చూడామణి పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది. మా దుకాణంలో గిరాకీలతో మాట్లాడేది ఆమే. నాలుగు నెలలకోసారి ప్రయోగశాలకు వెళ్లేటప్పుడు అక్కడి పెద్ద డాక్టరు జనార్దన్ గారికి కొబ్బరి ఉండలు పట్టుకెళ్లేవాళ్లం.

అరవై మూడు దాటాక జబ్బు నడక మార్చుకుంది. పైకి లేవడం పోయింది. నవ్వు, పాట, పంచిపెట్టడం, అన్నీ పోయాయి. వెనకటి ఆ లేవడం చూస్తే భయపడేవాణ్ణి గానీ, అందులో ఒక కళ ఉండేది. ఇప్పుడు వచ్చేవన్నీ సెగలు. కూర తరుగుతూ కత్తిపీట మీద విసుక్కునేది. ఆ విసుగు తగ్గకముందే కళ్లనీళ్లు పెట్టుకునేది. భోజనాల వేళకి మాటామంతీ లేకుండా కూర్చునేది. పూర్వం ఏడాది పొడుగునా నడిచే ఎత్తుపల్లాలు ఒక్క పూటలో తెమిలిపోయేవి. తర్వాత చేతులు వణకడం మొదలైంది. తెలిసిన పేర్లు నోటికి అందేవి కావు. మోకాళ్ల నొప్పులతో అంతకుముందు నుంచే తగ్గుతూ వస్తున్న నడక సగానికి సగం పడిపోయింది.

పలక మాత్రం పచ్చగానే వెలిగేది.

ప్రయోగశాలకు వెళ్లి ఇదంతా చెప్పాను. జనార్దన్ గారు పలక ఏ రంగు చూపిస్తోందని అడిగారు. పచ్చేనన్నాను. అయితే జబ్బు అదుపులోనే ఉంది, మిగిలినది వయసు అన్నారు. ఆ మాట నాలుగుసార్లు, నాలుగు నెలలకోసారి విన్నాం. అయిదోసారి ఒక కాగితం ముందు పెట్టారు. చూడామణికి మతిమరుపు జబ్బు వచ్చిందని, ఆమెను ఈ పథకం నుంచి విశ్రాంతి విభాగానికి మార్చడానికి నేను ఒప్పుకుంటున్నానని అందులో ఉంది. ఆ విభాగంలో గుళిక ఒంట్లోనే ఉంటుంది, మందు ఇప్పుడున్న కొలతలోనే పడుతుంది, ఇక ఎవరూ తనిఖీ చెయ్యరు. మాఘమాసం చివరికల్లా సంతకం చేసి పంపమన్నారు.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు చూడామణి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రణస్థలం దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"నాకు మతి పోలేదండి. ఎవరో తలలో తడిగుడ్డ పరిచేసినట్టున్నాది. గుడ్డ తియ్యమంటే, తలే లేదంటన్నారు."

నాకు చేతనైన పని ఒకటే చేశాను. ఇంటికి రాగానే సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్నాను. మాఘమాసపు ఆదివారాలు మా ఇంట్లో ఉప్పు మానేస్తామని, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతామని, ఆమె తల తేలికపరచమని. మా వైపు ఈ ఆదివారాలు చాలామంది పట్టేదే. మా అమ్మ పట్టింది, వాళ్ల అమ్మ పట్టింది. మొదటి ఆదివారం వంట నేనే చేశాను. చప్పిడి పప్పు, చప్పిడి కూర. చూడామణి ఒక ముద్ద తిని నావైపు చూసింది. దేవుడిదని చెప్పాను. మిగతాది తినేసింది. మొదటి రెండు ఆదివారాల తర్వాత రోజుల్లో కూడా నేను ఉప్పు తగ్గించే వేశాను. మొక్కు ఇంకాస్త గట్టిగా ఉంటుందనుకున్నాను.

మూడో ఆదివారం పెరట్లో సూర్యుడికి నీళ్లు వదిలి వెనక్కి తిరిగేసరికి చూడామణి తులసికోట పక్కన పడి ఉంది. వాంతులు. చేతులు, దవడ కూడా వణుకుతున్నాయి. నా పేరు పలకబోయి పలకలేకపోయింది. పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి లిథియం ఉండవలసినదానికి రెండింతలకు పైగా ఉందన్నారు. గుళికను ఆపివేసి సెలైను పెట్టారు.

జనార్దన్ గారికి ఫోను చేశాను. ఏం తిన్నారని అడిగితే చప్పిడి సంగతి చెప్పాను. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఉప్పుకి బదులు లిథియాన్ని పట్టి ఉంచుతాయని, పాతికేళ్ల కిందట నేను సంతకం చేసిన కాగితంలో పద్నాలుగో వరసలో ఆ సంగతి ఉందని చెప్పారు.

"మీ మొక్కే మీ ఆవిణ్ణి పడేసింది, కూర్మారావు గారూ. ఇక ఆలస్యం చెయ్యకుండా ఆ సంతకం పంపించండి."

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. దేవుడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన ఉప్పు మానమన్నాడా? మాట ఇచ్చింది నేను. ఆమె ఒంటి మీద నేను మాట ఇచ్చాను. ఆ తప్పు నాది, ఇప్పటికీ నాదే.

కానీ సాయంత్రం ఆసుపత్రి డాక్టరమ్మ రిపోర్టులు చూసి ఒక మాట అంది. చూడామణి మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నాయట. ఇది మూడు ఆదివారాల్లో జరిగేది కాదు, కొన్నేళ్లుగా మందు ఎక్కువగా పడుతూ ఉండాలి అంది. రక్తంలో లిథియం చివరిసారి ఎప్పుడు చూశారని అడిగింది. నాకు గుర్తు రాలేదు. పలక పచ్చగా ఉంటే రక్తం చూడవలసిన అవసరం లేదని ప్రయోగశాలలో చెప్పేవారు.

మర్నాడు దుకాణం తీశాను. తియ్యక తప్పదు, తూనికలు కొలతల తనిఖీ దగ్గర పడింది. బజారులో ప్రతి తూకపు రాయికీ రెండేళ్లకోసారి ముద్ర పడాలి. రాయి అడుగున ఒక గుంట ఉంటుంది. వాడగా వాడగా అరిగిన మేరకు ఆ గుంటలో సీసం పోసి, ఆఫీసులో అసలు రాయితో సరిచూసి, ఆ సీసం మీదే ముద్ర కొడతారు. ముద్ర లేని రాయితో టమాటాలు తూచినా నేరమే. ఆ పూట ఒక కిరాణా వాళ్ల రాళ్లు బోర్లించి ముద్రలు చూస్తున్నాను. ఒకదాని మీద ముద్ర అయిదేళ్లనాటిది. దాన్ని పక్కన పెట్టి, తిట్టుకుంటూ ఇంకోటి తీసుకున్నాను. చెయ్యి ఆగిపోయింది.

టమాటాలకు రెండేళ్లు. నా భార్యకు పాతికేళ్లు.

విశాల మా ఊళ్లోనే బడిలో లెక్కలు చెబుతుంది. దాన్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్లాను. గుళిక రోజూ ఎంత మందు వదిలిందో ఆ చిట్టా ఇమ్మని అడిగాం. అడిగితే ఇవ్వాలని పథకం కాగితంలోనే ఉంది. పద్నాలుగో వరస చదవనందుకు నన్ను తప్పుపట్టారు గనక ఈసారి అన్ని వరసలూ చదువుకుని వెళ్లాను. అక్కడ పనిచేసే ప్రసూన అనే అమ్మాయి కాగితాలు తీసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు చూడామణి అరవై ఒకటో ఏటి పేజీ పైకి వచ్చేలా పెట్టింది.

విశాల కాగితాలన్నీ మా నట్టింట్లో నేలమీద పరిచింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఏడూ చూసుకుంటూ వచ్చింది. కాసేపటికి దాని ముఖం ఎర్రబడింది. చిన్నప్పుడు తల్లికి అన్నం పెట్టేటప్పుడు కూడా అంత కోపంగా దాన్ని నేను చూడలేదు.

"నాన్నా, అమ్మ మోకాళ్లకి మందేస్తున్నాదీ గుళిక. నడక తగ్గింది కదా, మనసు కుంగిందనుకున్నాది. లేపే మందు పోసింది. ఆ మందుకి అమ్మకి చిరాకు. ఆ చిరాకు చూసి జబ్బు పైకి లేచిందనుకుని లిథియం పోసింది. దాంతో అమ్మ మరింత నెమ్మదించింది. మళ్లీ లేపే మందు. అరవై ఒకటో ఏటి నుంచి ఏడాది ఏడాదికీ రెండూ పెరుగుతూనే ఉన్నాయి. ఇదిగో, నీ మొక్కు ఇక్కడ. ఈ చివర మూడు వారాల మూడు చుక్కలే."

ఆ మూడు చుక్కల మీద వేలు పెట్టాను. అవి చిన్నవే. కానీ నావి.

ఎనిమిది రోజులు గుళిక ఆగి ఉండేసరికి చూడామణికి మాటలు ఒకటొకటే వాటి చోట్లకి తిరిగి వచ్చాయి. తొమ్మిదో రోజున ముగ్గురం ప్రయోగశాలకి వెళ్లాం. ఈసారి కొబ్బరి ఉండలు పట్టుకెళ్లలేదు. సంచిలో కిలోరాయి ఒకటి పట్టుకెళ్లాను. ముద్ర గడువు దాటినది.

దాన్ని జనార్దన్ గారి బల్ల మీద బోర్లించి పెట్టి, రెండేళ్లకోసారి ఎందుకు ముద్ర కొడతారో చెప్పాను. మీ పునాదికి ముద్ర ఎప్పుడు కొట్టారని అడిగాను. ఆయన విసుక్కోలేదు. చదువుకోనివాడికి ఓర్పుగా చెప్పినట్టే చెప్పారు. పోలిక సరికాదన్నారు. ఇనపరాయి అరుగుతుంది, పునాది అంకెలు గనక అరగవన్నారు.

"అదేనండి నా బాధ," అన్నాను. "అరగని రాయి పెట్టి అరిగే మనిషిని తూస్తే రోజూ తరుగే కనిపిస్తాది. ఆ తరుగు మందు పోసి పూడుస్తన్నారు మీరు. పూడ్చి పూడ్చి మనిషిని పాడుచేసేరు. పైన పచ్చదీపం ఒకటి."

నా గొంతు అంత పైకి లేవడం నేనే ఎరగను. బయట నడుస్తున్నవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

అప్పుడు ఆయన నిజం చెప్పారు. ఈ గుళిక పరీక్షించిన రోజుల్లో మనుషులెవరికీ నలభై అయిదు దాటలేదట. వాళ్లు ముసలివాళ్లయితే జబ్బు ఎలా మారుతుందో, మందును ఒళ్లు ఎలా తీసుకుంటుందో ఎవరూ చూడలేదట. పునాది మార్చడానికి అనుమతి లేదట. మార్చితే పాతికేళ్ల పరిశోధన మళ్లీ మొదటికి వస్తుందట. ఇదంతా చెబుతూ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. ఆయనకీ డెబ్బై దగ్గర పడి ఉంటాయి. ఆయన నడకా తగ్గింది. ఆయన్ని ఎవరూ పునాది పెట్టి తూచలేదు.

తలుపు దగ్గర నిలబడ్డ ప్రసూన అడగకుండానే మాట్లాడింది. అరవై దాటిన గుళికవాళ్లు ఇప్పటిదాకా ఇరవై ముగ్గురని, అందులో మేము కాక పంతొమ్మిది మంది ఇళ్లకి ఈ మతిమరుపు కాగితమే వెళ్లిందని చెప్పింది. పంతొమ్మిది మందీ సంతకం చేశారట.

చూడామణి కర్ర పక్కన పెట్టి బల్ల మీదికి వంగింది.

"నలభై ఒక్కేళ్ల చూడామణి నాకూ గుర్తేనండి, డాక్టరు గారూ. మంచి మనిషే. గబగబా నడిచేది. ఆవిడిక రాదు. ఆవిడ రాలేదని రోజూ నన్ను దండిస్తన్నారు. ఇది వైద్యమేటి?"

నా గుండె పొంగింది. బాగా చెప్పావన్నట్టు ఆమెవైపు చూశాను. ఆమె నావైపు తిరిగింది.

"మీరేటి అలగ చూస్తన్నారు? ఉప్పు మానేటప్పుడు నన్నడిగేరా? ఆయన అడక్కుండా మందు పోసేరు. మీరు అడక్కుండా ఉప్పు తీసేరు. ఒళ్లెవరిదని ఇద్దరిలో ఒకరూ అడగలేదు."

నేను తల వంచుకున్నాను. డాక్టరు కూడా వంచుకున్నారు. అరవై ఆరేళ్ల మనిషి ముందు ఇద్దరం అలా కూర్చున్నాం.

ఆమె తనకు కావలసినది చెప్పింది. గుళిక ఆగే ఉండాలి. వారం వారం రక్తం చూసి, తక్కువ మోతాదులో మాత్రలు ఇవ్వాలి. తొంభై రోజులు మళ్లీ కొలవాలి, ఇప్పుడున్న మనిషిని. ఆ రోజుల్లో జబ్బు పాతదారిన తిరగబడవచ్చని డాక్టరు హెచ్చరించారు. తెలుసంది. "కొలిచినప్పుడు నా మోకాళ్లు కూడా కొలవండి. నా కోపం కూడా వెయ్యండి. కోపం వస్తే రోగమని రాసుకోకండి. నాకు కోపానికి కారణాలున్నాయి," అంది. విశాల కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, దీనికి ఇంకో నకలు తన దగ్గర ఉందని నెమ్మదిగా చెప్పింది. మేము సంతకం పెట్టకుండా తెచ్చిన మతిమరుపు కాగితాన్ని జనార్దన్ గారే మధ్యకు చించారు. మా ఒక్క కాగితం చిరిగింది. మిగిలిన పంతొమ్మిదీ బీరువాలోనే ఉన్నాయి.

ప్రసూన ఇచ్చిన చిరునామాలు చూసి ఆ పంతొమ్మిది ఇళ్లకీ విశాలా నేనూ ఉత్తరాలు రాశాం. పదకొండు ఇళ్ల నుంచి జవాబులొచ్చాయి. నాలుగింటిలో మనిషి పోయి ఏడాది పైనే అయింది. ఒకాయన తన భార్య గురించి రాస్తూ, చివరి రోజు దాకా పలక పచ్చగానే ఉందండీ అని రాశాడు. ఆ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టాను. దణ్ణం పెట్టుకోవడానికి కాదు. ఆయన కూడా చదవాలి.

చూడామణి మూత్రపిండాలు పోయినంత మేరకు పోయినట్టే. అవి తిరిగి రావు.

కొత్త కొలత తొంభై రోజుల్లో ఇవాళ నలభై మూడో రోజు, ఆదివారం. పొద్దున్న నా కంచంలో పప్పు వడ్డించి, ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన ఠక్కున పెట్టింది. సూర్యుడితో తాను మాట్లాడుకుంటానని, నన్ను మధ్యలోకి రావద్దని చెప్పింది. నేను ఉప్పు వేసుకుని తిన్నాను. తింటూ, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగాను. అలా అడగడం అది మూడోసారట. గరిటె తీసి తొట్టెలో విసిరింది. తనను కొలవడానికి డాక్టర్లు చాలరా, మీరు కూడానా అని కేకలేసింది. ఆ కేక సగంలో ఏడుపైంది.

అలవాటు చొప్పున గోడవైపు చూశాను. పలక నల్లగా ఉంది. గుళిక ఆపిన రోజు నుంచీ దానికి ఏ రంగూ లేదు. ఆమె ముఖం తప్ప చూడడానికి మరొకటి లేకపోయింది. చూశాను. జబ్బో, కోపమో నాకు అంతుపట్టలేదు. ఆ మాటే అడిగాను.

చూడామణి కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపు తనలోకి తాను చూసుకుంది.

"నాకూ తెలీదు," అంది. "అన్నం చల్లారిపోతన్నాది. కూర్చోండి. ఇద్దరం కలిసి చూద్దాం."